అంతరిక్షంలో వైరు వేలాడదీస్తే కరెంటు వస్తుంది.. మరి బిల్లు ఎవరు కడుతున్నారు?

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్ని నెలల క్రితం ఇదే సైట్‌లో నేనొక చిన్న వార్త రాశాను. శాటిలైట్‌కి కిలోమీటర్ల కొద్దీ వైరు కట్టి వేలాడదీస్తే చాలు, సోలార్ ప్యానెల్ లేకుండా, ఇంధనం లేకుండా "ఫ్రీ కరెంట్" వస్తుందని. వార్త బాగానే షేర్ అయింది. షేర్ చేసినవాళ్లలో మా బాబాయి కొడుకు కూడా ఉన్నాడు. వాడిది ట్రిపుల్ఈ ఫైనల్ ఇయర్. షేర్ చేసి ఊరుకోకుండా దాన్నే సెమినార్ టాపిక్‌గా పెట్టుకున్నాడు.

సెమినార్‌లో గైడ్ ఒకే ఒక్క ప్రశ్న వేశారట. "బాగానే ఉంది కానీ, ఈ ఎనర్జీ ఎక్కడి నుంచి వస్తోందయ్యా?"

వాడు స్లైడ్లు వెనక్కీ ముందుకీ తిప్పి, "భూమి అయస్కాంత క్షేత్రం నుంచి సార్" అన్నాడు.

"అయితే వాడేకొద్దీ భూమి అయస్కాంతం అరిగిపోతుందా?"

క్లాసంతా నవ్వారు. రెండు వారాల్లో సరైన జవాబుతో రా, లేదంటే టాపిక్ మార్చుకో అన్నారు. ఆ సాయంత్రం నాకు ఫోన్. "అన్నయ్యా, నువ్వు రాసిందే కదా నేను చెప్పాను!"

ఫోన్ రివ్యూలో బ్యాటరీ బ్యాకప్ తప్పు రాస్తే కామెంట్లలో తిట్లు పడతాయి, సరిదిద్దుకుంటాం. ఇక్కడ ఒకడి మార్కులూ పరువూ పోయే పరిస్థితి. అందుకని వచ్చే ఆదివారం సికింద్రాబాద్ మెట్టుగూడలో ఉన్న బాబాయి ఇంటికెళ్లి కూర్చున్నాను. ఆ తర్వాత రెండు వారాల్లో మేం తెలుసుకున్నదే ఈ ఆర్టికల్. పాత వార్తకి ఇది కరెక్షన్ అనుకోండి.

బేసిక్స్: మీ ఫోన్‌లోనే మొదలుపెడదాం

స్కూల్లో చదివిందే. అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా కోసుకుంటూ ఒక లోహపు తీగ కదిలితే, దాని రెండు కొనల మధ్య వోల్టేజ్ పుడుతుంది. మన సైకిల్ డైనమో నుంచి శ్రీశైలం టర్బైన్ దాకా నడిచేది ఈ సూత్రంతోనే. ఎంత వోల్టేజ్ అంటే: వేగం × అయస్కాంత క్షేత్రం × తీగ పొడవు. మూడూ ఒకదానికొకటి లంబంగా ఉంటే లెక్క ఇంతే.

అయస్కాంత క్షేత్రం ఎంతుందో కొలవడానికి ల్యాబ్‌కి పోనక్కర్లేదు. మీ ఫోన్‌లో కంపాస్ పనిచేస్తోందంటే లోపల మ్యాగ్నెటోమీటర్ ఉన్నట్టే. ఫైఫాక్స్ లాంటి ఫ్రీ యాప్ వేసుకుంటే రీడింగ్ మైక్రోటెస్లాల్లో కనిపిస్తుంది. బాబాయి వాళ్ల మేడ మీద, ఇనుప కడ్డీలకూ వాటర్ ట్యాంకు స్టాండుకీ దూరంగా నిలబడి చూస్తే నా ఫోన్ 40కి కాస్త పైన చూపించింది. మ్యాగ్నెటిక్ కవర్ ఉంటే తీసేయండి, లేకపోతే వందల్లో చూపిస్తుంది. అన్నట్టు, మెట్టుగూడ నుంచి కాసేపటి దూరంలోనే, హబ్సిగూడలో ఎన్జీఆర్ఐ ఉంది. హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రాన్ని వాళ్ల అబ్జర్వేటరీ 1964 నుంచి రికార్డు చేస్తోంది. మన చేతిలో ఉన్న చిన్న చిప్ కూడా అదే క్షేత్రాన్ని కొలుస్తోందన్నమాట.

40 మైక్రోటెస్లా అంటే చాలా చాలా తక్కువ. ఫ్రిజ్ డోర్‌కి అంటించే అయస్కాంతం దీనికంటే వంద రెట్లకు పైనే ఉంటుంది. ఇంత బలహీనమైన క్షేత్రంతో పనికొచ్చే వోల్టేజ్ రావాలంటే మిగిలిన రెండూ, అంటే వేగమూ పొడవూ, భారీగా ఉండాలి. ఆ రెండూ దొరికే చోటు అంతరిక్షం.

400 కిలోమీటర్ల ఎత్తులో శాటిలైట్ వేగం సెకనుకి దాదాపు 7.7 కిలోమీటర్లు. అక్కడ క్షేత్రం చోటును బట్టి మారుతుంది. కోణాల తేడా కూడా కలుపుకుని లెక్క కోసం 25 మైక్రోటెస్లా అనుకుందాం. గుణిస్తే ఒక్కో మీటరు తీగకి 0.19 వోల్టులు. కిలోమీటరుకి 190 వోల్టులు. 20 కిలోమీటర్లకి 3,850 వోల్టులు! నా పాత వార్త ఇక్కడిదాకా కరెక్టే.

ఎంఎంటీఎస్‌లో మా ప్రయోగం: ఫలితం సున్నా

మావాడికి ఒక ఐడియా వచ్చింది. "రైల్లో ట్రై చేద్దాం అన్నయ్యా. వోల్టేజ్ చిన్నదైనా డెమో అవుతుంది."

లెక్క వేశాం. ఎంఎంటీఎస్ గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల తీగని నిలువుగా పట్టుకుంటే సుమారు 1 మిల్లీవోల్టు రావాలి. మామూలు మల్టీమీటర్‌లో 200 మిల్లీవోల్టుల రేంజ్ పెడితే అది తెలిసిపోవాలి. ఇన్సులేషన్ ఉన్న వైరుని ప్లాస్టిక్ పైపుకి టేపుతో అంటించి, సికింద్రాబాద్‌లో లింగంపల్లి వైపు బండి ఎక్కాం. (మీరూ చేయాలనుకుంటే అంతా కోచ్ లోపలే. పైన 25,000 వోల్టుల లైన్ ఉంటుంది, కిటికీ బయటికి ఏదీ పెట్టొద్దు.) ఎదురు సీటాయన కాసేపు చూసి, "రైల్వే చెకింగా?" అని కూడా అడిగారు.

జీపీఎస్‌లో 60 దాటింది. మీటర్‌లో సున్నా. మధ్యమధ్య 0.1 అని ఒకసారి మెరిసి మళ్లీ సున్నా. మోటార్ల గోల వల్ల వచ్చిన రీడింగ్ అది. కోచ్ అంతా ఇనుమే కాబట్టి లోపల క్షేత్రం కాస్త మారుతుంది, నిజమే. కానీ సున్నాకి అసలు కారణం అది కాదు.

వైరు కొనలకి మీటర్ తగిలించాలంటే మీటర్‌కి కూడా రెండు లీడ్లు ఉంటాయి కదా. ఆ లీడ్లు కూడా మాతోపాటు అదే రైల్లో, అదే వేగంతో, అదే క్షేత్రంలో పోతున్నాయి. వాటిలోనూ అంతే వోల్టేజ్ పుడుతుంది. చుట్టూ తిరిగొచ్చేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కావిడికి రెండు పక్కలా సమానమైన బిందెలు కట్టి, ఏ పక్కకి ఒరుగుతుందని చూసినట్టు! కరెంటు పారాలంటే సర్క్యూట్‌లో కొంత భాగం మనతో పాటు కదలకుండా ఉండాలి.

రైలుకైతే ఇది కొత్త కాదు. పైన కదలని ఓవర్‌హెడ్ వైరు, కింద కదలని పట్టాలు, మధ్యలో పరిగెత్తే లోకో. మరి అంతరిక్షంలో పట్టాలు ఎవరు వేశారు?

పైన పట్టాల పని చేసేది ప్లాస్మా

మనం శూన్యం అనుకునే ఆ ఎత్తులో నిజానికి పూర్తి శూన్యం లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పైనున్న పలచటి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి ఉండే పొరే అయనోస్పియర్. ప్లాస్మా అన్నా ఇదే. అది కరెంటుని మోయగలదు. పైగా శాటిలైట్‌తో పాటు పరిగెత్తదు, దాదాపుగా భూమితో పాటే తిరుగుతుంది. మన సర్క్యూట్‌కి కావలసిన "కదలని భాగం" అదే.

ఎలా పనిచేస్తుందో వరుసగా చూద్దాం. శాటిలైట్ నుంచి పైకో కిందికో తీగ వదులుతారు. చివర ఒక బరువు ఉంటుంది. కిందున్న దాన్ని భూమి కాస్త ఎక్కువగా లాగుతుంది, పైనున్నది కాస్త బయటికి పోవాలని చూస్తుంది. ఈ తేడా వల్ల తీగ బిగుతుగా, నిలువుగా నిలబడుతుంది. తూర్పు వైపు పోయే శాటిలైట్‌కి తీగ పై కొన పాజిటివ్ అవుతుంది. అది చుట్టూ ఉన్న ప్లాస్మా నుంచి ఎలక్ట్రాన్లని లాక్కుంటుంది. అవి తీగలోంచి కిందికి దిగుతాయి. కింది కొన దగ్గర ఎలక్ట్రాన్ గన్ గానీ, హాలో కాథోడ్ అనే పరికరం గానీ వాటిని తిరిగి ప్లాస్మాలోకి వదిలేస్తుంది. సర్క్యూట్ పూర్తి. దీన్నే ఎలక్ట్రోడైనమిక్ టెథర్ అంటారు.

ఎలక్ట్రాన్లు పట్టుకోవడానికి మొదట్లో చివర పెద్ద లోహపు గోళం వాడేవారు. 1990ల మొదట్లో స్పెయిన్ శాస్త్రవేత్త హువాన్ సాన్‌మార్టిన్, ఆయన సహచరులు వేరే దారి చూపించారు. తీగకి ఇన్సులేషన్ తీసేస్తే తీగే పొడవునా ఎలక్ట్రాన్లని పట్టుకుంటుంది, గోళం అక్కర్లేదు అని. ఇప్పుడు డిజైన్లు ఎక్కువగా ఈ "బేర్ టెథర్" దారిలోనే ఉన్నాయి.

1996: కొలంబియా నుంచి 19.7 కిలోమీటర్లు

ఇదంతా కాగితం మీద లెక్కేనా? కాదు. నాసా, ఇటలీ స్పేస్ ఏజెన్సీ కలిసి చేసి చూశాయి. ఈ ఆలోచనని ముందుకు నడిపినవాళ్లలో ఇద్దరు ఇటాలియన్లు ముఖ్యులు: జుసెప్పె కొలంబో, మారియో గ్రాస్సీ.

మొదటి ప్రయత్నం 1992లో, అట్లాంటిస్ షటిల్ నుంచి. 20 కిలోమీటర్లు వదలాలనుకున్న తీగ 256 మీటర్ల దగ్గర ఇరుక్కుపోయింది. ఎందుకో తెలుసా? తీగ వదిలే యంత్రంలో బయటికి పొడుచుకొచ్చిన ఒక బోల్టు.

రెండోసారి 1996 ఫిబ్రవరిలో, కొలంబియా షటిల్ నుంచి. మన కల్పనా చావ్లా వెళ్లిన, చివరికి 2003లో ఆమెతో పాటు కూలిపోయిన కొలంబియానే. ఈసారి తీగ చక్కగా విప్పుకుంటూ వెళ్లింది. మందం రెండున్నర మిల్లీమీటర్లే. లోపల రాగి, దానిపై ఇన్సులేషన్, బలానికి కెవ్లార్. చివర అర టన్ను బరువున్న శాటిలైట్. గంటలు గడిచేకొద్దీ వోల్టేజ్ పెరుగుతూ 3,500 దాకా వచ్చింది. కరెంటు కూడా దాదాపు అర ఆంపియర్ పారింది. ముందుగా వేసిన లెక్కల కంటే ఎక్కువే కరెంటు రావడంతో శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు.

ఫిబ్రవరి 25న, 20.7 కిలోమీటర్లలో 19.7 విప్పుకున్నాక, తీగ ఫట్‌మంది. బరువు లాగి తెగలేదు. ఇన్సులేషన్‌లో ఏర్పడిన సన్నటి లోపం దగ్గర ఆర్క్ పుట్టి తీగని కాల్చేసింది. శాటిలైటూ దాని వెనక తోకలాగా తీగా విడిపోయి పోయాయి. కొన్నాళ్లు నేల మీద నుంచి కూడా మెరిసే గీతలా కనిపించి, మార్చి 19న వాతావరణంలో కాలిపోయాయి. యూట్యూబ్‌లో "నాసా దాచిన యూఎఫ్ఓలు" అని తిరిగే ఒక పాత వీడియో ఉంటుంది, పొడవాటి తెల్ల గీత, చుట్టూ ఈదుతున్న గుండ్రటి వెలుగులు. ఆ గీత ఈ తీగే. వెలుగులు కెమెరా దగ్గర్లో తేలుతున్న, ఫోకస్‌లో లేని రేణువులు.

తీగ తెగింది కాబట్టి ఫెయిల్ అని రాసేయడం తేలిక. కానీ ఒక రకంగా అది సక్సెస్‌కి రుజువు. అక్కడ నిజమైన కరెంటు పుట్టబట్టే తీగ కాలింది.

బాబాయి ఒక్క మాటలో తేల్చేశాడు

ఇదంతా డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని మేమిద్దరం మాట్లాడుకుంటుంటే బాబాయి టీ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన దక్షిణ మధ్య రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. చివరి సంవత్సరాల్లో లాలాగూడ షెడ్‌కి చెందిన వ్యాప్-7 ఇంజన్లు నడిపాడు.

"గైడ్ గారు ఏమడిగారన్నావ్?"

"ఎనర్జీ ఎక్కడి నుంచి వస్తోందని, నాన్నా."

"దానికింత చదువెందుకురా? సిగ్నల్ కోసం స్పీడు తగ్గించాలంటే మేం ముందు రీజెన్ వేస్తాం. మోటార్లే జనరేటర్లవుతాయి. కరెంటు పైన వైరులోకి పోతుంది. మీటర్లో యూనిట్లు పెరుగుతాయి, బండి స్పీడు తగ్గుతుంది. యూనిట్లు వచ్చి స్పీడు తగ్గని బండి నా సర్వీసులో నేను చూళ్లేదు. మీ శాటిలైటూ అంతే. అది బ్రేకు వేస్తోంది, మీరు కరెంటు తయారవుతోందనుకుంటున్నారు."

ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నేను పాత వార్తలో రాయాల్సింది ఇదే.

బాబాయి మాటని అంకెల్లో సరిచూశాం. 20 కిలోమీటర్ల తీగలో అర ఆంపియర్ పారుతోందనుకోండి. 3,850 వోల్టులతో గుణిస్తే దాదాపు 1,925 వాట్లు. బాత్‌రూమ్ గీజర్ అంత. ఇక కరెంటు పారే తీగ మీద అయస్కాంత క్షేత్రం బలం చూపిస్తుంది. ఆ బలం కరెంటు × క్షేత్రం × పొడవు. అంటే 0.25 న్యూటన్లు, దాదాపు పాతిక గ్రాముల బరువు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఇరానీ చాయ్‌తో పాటు ఇచ్చే ఉస్మానియా బిస్కెట్లు ఒకటో రెండో చేతిలో పెట్టుకుంటే ఎంతుంటుందో అంత. దాని దిశ ఎప్పుడూ శాటిలైట్ పోయే వైపుకి వ్యతిరేకం. ఇప్పుడా 0.25 న్యూటన్లని సెకనుకి 7,700 మీటర్ల వేగంతో గుణించండి. మళ్లీ 1,925 వాట్లే! వచ్చిన ప్రతి వాటుకీ శాటిలైట్ కదలిక నుంచి ఒక వాటు కట్ అవుతోంది. ఒక్క పైసా డిస్కౌంట్ లేదు.

మరి అయస్కాంత క్షేత్రం? అది మధ్యవర్తి మాత్రమే. అరగదు, తరగదు. గైడ్ గారు వేసిన రెండో ప్రశ్నకి ఇదే జవాబు.

రైలుకీ శాటిలైట్‌కీ ఒక తేడా ఉంది. రైలు శక్తి పోగొట్టుకుంటే నెమ్మదిస్తుంది. శాటిలైట్ శక్తి పోగొట్టుకుంటే కిందికి దిగుతుంది. కింది కక్ష్యలో వేగం ఇంకా ఎక్కువ. అందుకే స్పీడోమీటర్ పెట్టి చూస్తే బ్రేకు పడిందని తెలియదు. బిల్లు ఎత్తు రూపంలో కట్ అవుతుంది.

ఒక ఫోన్ ఛార్జ్‌కి ఎంత ఎత్తు?

మన సైట్ కాబట్టి మన భాషలో చెప్పుకుందాం. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19 వాట్-అవర్లు. 400 కిలోమీటర్ల ఎత్తున 100 కిలోల శాటిలైట్ ఉందనుకుందాం. అది కక్ష్యలో ఒక కిలోమీటరు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 0.12 యూనిట్లు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. ఎక్కడా ఏ నష్టమూ లేదనుకున్నా ఆరు ఫోన్లు నిండుతాయి. అంటే ఒక్క ఫోన్ ఫుల్ ఛార్జ్ ఖరీదు 160 మీటర్ల ఎత్తు.

మొత్తం అమ్ముకుంటే? 400 నుంచి 100 కిలోమీటర్లకి దిగేసరికి వచ్చేది 38 యూనిట్లు. ఎండాకాలంలో మా ఇంట్లో ఏసీ వారం పది రోజుల్లో తాగేసే కరెంటు అది. దానికోసం రాకెట్ పెట్టి పైకి పంపిన శాటిలైట్‌ని పోగొట్టుకోవాలి.

అదే సోలార్ ప్యానెల్ చూడండి. అంతరిక్షంలో చదరపు మీటరుకి 1,360 వాట్ల ఎండ. 30 శాతం సామర్థ్యమున్న సెల్స్‌తో 400 వాట్లు. ఐదు చదరపు మీటర్లుంటే మన 20 కిలోమీటర్ల తీగతో సమానం. ఎత్తులో ఒక్క మీటరు కూడా కట్ అవ్వదు. పవర్ సోర్స్‌గా టెథర్‌కి మార్కులు వేయమంటే పాస్ మార్కులే కష్టం.

మరెందుకు ఇంకా దీని వెంట పడుతున్నారు?

ఇక్కడే కథ తిరుగుతుంది. జనరేటర్‌గా చూస్తే లోపం అనిపించిందే బ్రేకుగా చూస్తే లాభం.

అంతరిక్షంలో చెత్త గురించి వినే ఉంటారు. 600, 800 కిలోమీటర్ల ఎత్తులో పని అయిపోయిన శాటిలైట్ దానంతటది పడిపోవాలంటే దశాబ్దాలు, ఇంకా పైనైతే శతాబ్దాలు పడుతుంది. మనకీ అనుభవం ఉంది. శ్రీహరికోట నుంచి 2001లో వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ3 నాలుగో దశ, అదే ఏడాది డిసెంబర్‌లో కక్ష్యలోనే పగిలి వందలాది ముక్కలైంది. ఇప్పుడు ఇస్రో జాగ్రత్త పడుతోంది. 2024 జనవరి 1న వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ58 నాలుగో దశనే పోయెమ్-3 అనే ప్రయోగ వేదికగా వాడారు. దాన్ని 650 నుంచి 350 కిలోమీటర్లకి దించడంతో, అదే ఏడాది మార్చి 21న కాలిపోయి చెత్త మిగలకుండా పోయింది. 2030 నాటికి భారత మిషన్లన్నీ చెత్త మిగల్చనివిగా ఉండాలన్నది లక్ష్యం.

పోయెమ్-3కి ఇంజనుంది, దిగింది. ఇంజను లేనివాటి సంగతేంటి? హైదరాబాద్‌కి చెందిన ధ్రువ స్పేస్ 2022 నవంబర్ 26న పంపిన థైబోల్ట్-1, థైబోల్ట్-2 అరచేతిలో పట్టేంత శాటిలైట్లు. మన నగరంలోనే చిన్న శాటిలైట్లు తయారవుతున్న రోజులివి. ఇంత చిన్న డబ్బాల్లో ఇంధనం ట్యాంకూ ఇంజనూ పెట్టడం ఎంత కష్టమో ఊహించండి. అదే చుట్ట చుట్టిన పలచటి అల్యూమినియం టేపు అయితే చోటు పెద్దగా తీసుకోదు. ఇంధనం అక్కర్లేదు.

లెక్క చూడండి. 100 కిలోల శాటిలైట్‌కి ఒక కిలోమీటరు టేపు, అందులో అర ఆంపియర్ కరెంటు. లాగే బలం గ్రాము బరువుకి కాస్త ఎక్కువ. అయినా 24 గంటలూ లాగుతూనే ఉంటే 600 నుంచి 300 కిలోమీటర్లకి దిగడానికి కాగితం మీద దాదాపు 15 రోజులు. నిజంలో రాత్రిపూట ప్లాస్మా పలచబడుతుంది, కరెంటు తగ్గుతుంది. నెలలు పట్టినా దశాబ్దాల ముందు అదెంత?

ఇంకో వాడకం కూడా ఉంది. సోలార్ కరెంటుని తీగలోకి ఎదురు దిశలో తోస్తే అదే తీగ మోటార్ అవుతుంది. శాటిలైట్‌ని పైకి తోస్తుంది. బాబాయి లోకోలో మోటారూ జనరేటరూ ఒకటే అయినట్టు. 1993లో నాసా 500 మీటర్ల తీగతో చేసిన పీఎంజీ ప్రయోగంలో కరెంటు రెండు దిశల్లోనూ పారించి చూపించారు.

ఇప్పటిదాకా స్కోర్‌కార్డ్

జపాన్ 2016 డిసెంబర్‌లో హెచ్‌టీవీ-6 కార్గో నౌకతో కైట్ అనే ప్రయోగం పంపింది. 700 మీటర్ల తీగ. దాన్ని అల్లింది నిట్టో సెయిమో అనే చేపల వలల కంపెనీ! ఒక పోగు తెగినా మిగతావి పట్టుకునేలా వలలాగా అల్లారు. కానీ తీగ బయటికే రాలేదు, ప్రయోగం అక్కడితో ముగిసింది.

అమెరికా నేవీ పరిశోధనశాల 2019 నవంబర్‌లో టెప్సీ అనే జంట చిన్న శాటిలైట్ల మధ్య కిలోమీటరు తీగ విప్పింది. కక్ష్య కిందికి దిగడం వెంటనే తెలిసింది. 2020 ఫిబ్రవరికల్లా అది వాతావరణంలో కాలిపోయింది. యూరప్‌లో ఈటీ-ప్యాక్ అనే ప్రాజెక్ట్ అల్యూమినియం టేపుతో కక్ష్య నుంచి దించే కిట్ తయారీని చేపట్టింది.

ప్లస్‌లు

- ఇంధనం అక్కర్లేదు. బ్రేకుగా వాడితే బయటి నుంచి కరెంటు కూడా అక్కర్లేదు.
- బరువూ చోటూ తక్కువ.
- ఒకే తీగ: బ్రేకు, మోటారు, అవసరమైతే కాసేపు జనరేటర్.

మైనస్‌లు

- తీగ విప్పడమే పెద్ద పరీక్ష. ఒకసారి బోల్టు అడ్డొచ్చింది, ఒకసారి తీగే బయటికి రాలేదు.
- పొడవాటి సన్న తీగని చిన్న రేణువు తగిలినా తెంపేయొచ్చు. వేరే శాటిలైట్లకి కూడా అది అడ్డమే.
- ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యల్లో శాటిలైట్ దాదాపు ఉత్తర-దక్షిణంగా, అంటే అయస్కాంత రేఖల వెంటే పోతుంది. వాటిని సరిగా కోయదు. బలం బాగా తగ్గుతుంది. పీఎస్ఎల్వీ ఎక్కువగా పంపేది ఆ కక్ష్యలకే కాబట్టి మనకి ఇది చిన్న విషయం కాదు.
- ప్లాస్మా కావాలి కాబట్టి పని చేసేది భూమికి దగ్గరి కక్ష్యల్లోనే.

ఫైనల్‌గా

పవర్ బ్యాంక్ అనుకుని కొంటే నిరాశపడతారు. బ్రేకు అనుకుని కొంటే డబ్బులకి న్యాయం జరుగుతుంది. నా పాత వార్తలో "ఫ్రీ" అన్న మాట తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట ఎవరైనా "ఊరికే వచ్చే కరెంటు" అని రీల్ పంపితే గైడ్ గారి ప్రశ్నే అడగండి: ఎక్కడి నుంచి వస్తోంది? జవాబులో ఏదో ఒకటి తగ్గుతూ కనిపించాలి. కనిపించలేదంటే మీరు ఇంకా బిల్లు చూడలేదన్నమాట.

మావాడు రెండో సెమినార్‌కి టాపిక్ మార్చుకోలేదు, టైటిల్ మార్చుకున్నాడు: "కక్ష్యలో రీజెనరేటివ్ బ్రేకింగ్". మొదటి స్లైడ్‌లో వ్యాప్-7 ఫోటో పెట్టాడు. ఎంఎంటీఎస్‌లో సున్నా చూపించిన మల్టీమీటర్ ఫోటో రెండో స్లైడ్. గైడ్ గారు ఈసారి వేరే ప్రశ్న అడిగారట. "ధ్రువ కక్ష్యలో ఇది పనిచేయదన్నావు కదా, మరి దానికేం చేస్తావ్?"

"తెలుసుకుని చెప్తాను సార్" అన్నాడట. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్ననే ఫైనల్ ప్రాజెక్ట్‌గా ఇచ్చారు.